ఫ్లెక్స్‌లో అమ్మకు బొట్టు లేదు

ఈ రోజు మా పుట్టినూరు మల్లట్‌లో అమ్మ సంవత్సరీకం. పొద్దున బస్సు దిగి వెళ్లేసరికి ఇంటి ముందు నిలువెత్తు ఫ్లెక్స్ కట్టి ఉంది. అందులో చుట్టూ మా తమ్ముడు, వాడి కొడుకులు, ఊరి పెద్దలు ఫొటోల్లో నవ్వుతున్నారు. మధ్యలో అమ్మ ముఖం, నుదురు బోసిగా.

ఆ ఫొటో తీసింది నేనే. అందులో రూపాయి బిళ్లంత బొట్టుంది. నాన్న పోయిన రోజు తుడవడానికి వచ్చినవాళ్లను "ఇది మా అమ్మ పెట్టిన బొట్టు, తీయనీకె మీరెవరు?" అని గదమాయించి నిలబెట్టుకున్న బొట్టు అది. పత్తి చేనుకు వెళ్లినా, మనవరాలి పెళ్లికి వెళ్లినా దానితోనే వెళ్లింది.

తమ్ముణ్ణి నిలదీశాను. "బొట్టేదిరా?"

"నేనే తీసెయ్యమన్న అక్కా. నాయిన పోయినంక బొట్టేంది? పెద్దమనుషులొస్తరు, బాగుండదు."

"ఆ పెద్దమనుషుల ముందే అమ్మ పదేండ్లు పెట్టుకొని తిరిగింది గదరా! అప్పుడు నీకు నోరు రాలే. ఇప్పుడు ఆమె మాట్లాడదని చెరిపిస్తివా?"

నేను ఇంట్లోకి నడిచాను. అమ్మ అద్దానికి అంటించిపెట్టుకున్న బొట్టుబిళ్ల ఇంకా అక్కడే ఉంది. జిగురు పోయింది. అన్నం మెతుకు రాసి, స్టూలెక్కి, ఫ్లెక్స్ మీద అంటించాను. అంత ముఖానికి అది కందిగింజంత కనిపించింది.

భోజనాల వేళకు పెద్దమనుషులు వచ్చారు. అందరూ ఫ్లెక్స్ ముందు నిలబడ్డారు. ఎవరి ఫొటో వాళ్లు చూసుకొని విస్తళ్ల దగ్గరికి వెళ్లిపోయారు.

మరి అమ్మ బొట్టు ఎవరి కోసం చెరిపినట్టు? మీరైనా చెప్పండి.