కత్తెర పెట్టని అక్టోబరు

అల్మాస్‌గూడలో మా మేనమామ భూమిలో నేను మూడేళ్లు ద్రాక్షతోట పెంచాను. తీగలు తెప్పించింది గుంటూరు నుంచి వచ్చి దిల్‌సుఖ్‌నగర్‌లో వ్యవసాయ పరీక్షలకు కోచింగ్ చెప్పే సారు. మామూలు ద్రాక్ష కాదు, చలిదేశాల వైన్ ద్రాక్ష. కాయ చిన్నది, గింజ పెద్దది, తోలు మందం. గడ్డిఅన్నారం మార్కెట్లో ఒక్కడూ ముట్టడు. ఒక వైన్ ఫ్యాక్టరీవాళ్లు మాత్రం వచ్చి చూసి, మొదటి కాత నచ్చితే ఏటా తీసుకుంటామన్నారు. నా ఆశంతా ఆ కాత మీదే.

మా వైపు అక్టోబరులో కొమ్మలు కత్తిరిస్తేనే ద్రాక్ష కాస్తుంది. తోటల్లో ఒక కట్టుబాటు కూడా ఉండేది. అక్టోబరులో తీగలకు కత్తెర పెట్టినవాడిదే కాత. కోత అయ్యేదాకా భూమి గలవాడు కూడా వాణ్ని కదిలించకూడదు.

తెలంగాణ ఉద్యమం జోరు మీదున్న రోజులవి. ఎల్బీనగర్ చౌరస్తాలో నిరసనగా నడిరోడ్డు మీద వండుకుని తిన్నవాళ్లలో నేనూ ఉన్నాను. ఆ వేడిలోనే సారుతో మాటామాటా పెరిగి పలకరింపులు మానేశాం. మా మధ్య కబుర్లు మామే మోసేవాడు.

కత్తెరలు నూరి పెట్టుకున్న పొద్దున మామ వచ్చాడు.

"జర ఆగు అల్లుడా. గీ తీగలు చలికాలం పండుకుంటయంట. చలి పోయినంక కత్తెర పెట్టాలంట. సారే చెప్పిండు."

చలిదేశాల్లో అలాగే చేస్తారని నేనూ విన్నాను. మన దగ్గర తీగ నిద్రపోదని నా చేతులకు తెలుసు. అయినా చదువుకున్నాయన చెప్పాడు కదా అని ఆగాను. నా బుర్ర గడ్డి మేయడానికి పోయింది.

సంక్రాంతి ముందే తోట నిండా తెల్లసున్నం పూసిన రాళ్లు పాతారు.

"ఆ సారు మాట విని కాత పోగొట్టుకుంటివి. ఇగ తోటెందుకని ప్లాట్లోళ్లకు అమ్మిన," అన్నాడు మామ, పాపం అన్నట్టు ముఖం పెట్టి.

ఒళ్లు మండి సారు క్లాసులోకే దూసుకుపోయాను. "నమ్మించి ముంచితిరి గద సార్! మీ ఆంధ్రోళ్లందరు గింతేనా?"

పిల్లలంతా నోరెళ్లబెట్టారు. సారు చాక్‌పీస్ కింద పెట్టారు.

"అదేంటయ్యా? అక్టోబరు దాటనివ్వొద్దని మీ మామయ్యతో రెండుసార్లు కబురు పెట్టాను. అందలేదా?"

తడిగుడ్డతో గొంతు కోసింది నా సొంత మేనమామ. కత్తెర పడితే కోతయ్యేదాకా నన్ను కదిలించలేనని, భూమి అమ్మలేనని ఆయనకు తెలుసు. బయటికి నడిచాను.

సారు గేటు దాకా వెంట వచ్చారు. "తీగలన్నా మిగిలాయా?"

"పీకేసిన్రు సార్."

ఆయన కళ్లద్దాలు తీసి చాలాసేపు తుడుచుకున్నారు. తప్పయిందని చెప్పకుండానే బస్సెక్కి వచ్చేశాను.