మిరపకాయ లేని స్వయంపాకం

త్రిపురాంతకంలో బస్సు దిగి గుడి దారి పట్టేవాళ్ళు కొబ్బరికాయకో, కర్పూరానికో విశాలాక్షమ్మ కొట్టు ముందు ఆగుతారు. కొట్టు వెనకే ఇల్లు. కొట్టు బయట ఒక బెంచీ, మూత పెట్టిన నీళ్ళబిందె ఎప్పుడూ ఉంటాయి. అవి కొనేవాళ్ళకే కాదు, ఊరికే కూర్చునేవాళ్ళకు కూడా. ఆవిడ చదివింది ఏడో తరగతి. అయినా ఏ సరుకు చేతికొచ్చినా అది ఎక్కడ పుట్టిందో తెలుసుకోనిదే ఆవిడకు తోచదు. ఇంగువ కాబూలు అవతల నుంచి వస్తుందనీ, లవంగం మొదట సముద్రం మధ్య దీవుల్లో కాసిందనీ లారీవాళ్ళను అడిగీ, పొట్లం కాగితాలు చదివీ తెలుసుకుంది.

"అందరూ సరుకు ధర అడుగుతారు, నువ్వు జాతకం అడుగుతావు" అని భర్త నాగేశ్వర్లు నవ్వేవాడు.

ఇన్నేళ్ళలో ఆవిడకు జవాబు దొరకని ప్రశ్న ఒకటే. తద్దినం నాడు చాలా ఇళ్ళలో వండని సరుకులను పళ్ళెంలో పెట్టి పంతులుగారికి ఇస్తారు. దాన్నే స్వయంపాకం అంటారు. బియ్యం, పెసరపప్పు, అరటికాయ, కంద, నెయ్యి, బెల్లం, చింతపండు, మిరియాలు అందులో ఉంటాయి. మిరపకాయ మాత్రం ఉండదు. టమాటా, బంగాళాదుంప కూడా ఉండవు. తెలియక ఎవరైనా మిరపకాయలు అడిగితే విశాలాక్షమ్మే వారించేది.

"తద్దినానికి మిరియాలే నాయనా. మిరపకాయ పెడితే పెద్దలకు అందదు."

ఎందుకు అందదని అడిగితే "పెద్దలు చెప్పినారు" అనేది. ఆ జవాబు అడిగినవాళ్ళకు సరిపోయేదేమో గానీ, ఆవిడకు సరిపోయేది కాదు.

ఈ మాఘమాసంలో ఆ పళ్ళెం తన ఇంట్లోనే పెట్టవలసి వచ్చింది. నాగేశ్వర్లు పోయి ఏడాదైంది.

ఆయన మిరపకాయ కొరుక్కోనిదే మజ్జిగన్నం కూడా తినని మనిషి. కడుపులో జబ్బు ముదిరి, కారం ముట్టవద్దని డాక్టర్లు చెప్పాక, ఎనిమిది నెలల పాటు ఆవిడ ఇంట్లో మిరపకాయ కంటబడకుండా దాచింది. తానూ ఆయనతో పాటు చప్పిడి కూడే తిన్నది. చివరి వారంలో ఒకరోజు ఆయన చెయ్యి చాచి, "ఒక్క కాయ ఇయ్యి విశాలా. తిననులే, వాసన చూస్తా" అన్నాడు. ఆవిడ ఇవ్వలేదు. ఇచ్చి ఉంటే ఏమయ్యేదని ఏడాదిగా తనను తానే అడుగుతోంది.

తద్దినం ముందురోజు పొద్దున రంగయ్య వచ్చాడు. ఊరి పక్కనే రెండెకరాల్లో మిరప వేసే రైతు. కళ్ళంలో ఎండిన మొదటి కాయలు ఏటా నాగేశ్వర్లుకు తెచ్చి ఇచ్చేవాడు. మనిషి లేకపోయినా ఈ ఏడు కూడా తువ్వాలులో మూట కట్టి తెచ్చాడు.

"రేపు బావకు పెట్టు చెల్లెమ్మా."

"పెట్టగూడదు గదన్నా."

"ఎవురు చెప్పినారు?"

"ముప్పై ఏండ్ల నుంచి అందరికీ నేనే చెప్తా ఉండా."

"అట్లయితే నువ్వే మార్చు. ఎవురడ్డం?"

మూటలోంచి వచ్చే ఘాటుకు ఆవిడ కళ్ళు చెమర్చాయి. మూట అందుకుని పక్కన పెట్టింది. తర్వాత అంది: "ఎనిమిది నెలలు చప్పిడి తిండి పెట్టినా. పోయినాక గూడా చప్పిడేనా అన్నా, ఆ మనిషికి?"

బస్తాలు సర్దుతున్న కొడుకు సాయి కిరణ్ అది విని దగ్గరకు వచ్చాడు. అంతలోనే ఆవిడ తేరుకుని, "కిరణూ, ఫోన్లో చూడు. మిరపకాయకూ పెద్దలకూ పగేందో" అంది.

కిరణ్ వెతికాడు. "కారం మంచిది కాదు, కోపం పెంచుతదని ఎవురో రాసినారమ్మా."

"మిరియం మాత్రం చల్లగుంటదా? అది కాదు. మిరపకాయ ఏ ఊరిదో చూడు."

ఈసారి కిరణ్ చాలాసేపు చదివాడు. "మనది కాదమ్మా ఇది! సముద్రాల అవతల అమెరికాలో పుట్టిందంట. ఐదొందల ఏండ్ల కిందట పోర్చుగీసోళ్ళ ఓడల్లో మన రేవులకొచ్చింది. వాళ్ళు మన మిరియాల కోసమే దారి కనుక్కుంటా వచ్చినారంట. టమాటా, బంగాళాదుంప పుట్టింది గూడా ఆడనే."

రంగయ్య బెంచీ మీద నుంచి లేచాడు. "ఏందీ, నా చేలో పంట పరాయిదా? మా తాత ముత్తాతల నుంచి ఏస్తా ఉంటిమి గదరా అల్లుడా!"

"వాళ్ళ ముత్తాతలు ఎరగరు మామా."

"మరి లవంగం గూడా ఓడలోదే గదా?" అని తల్లి అడిగింది.

"అది ఎప్పుడో వచ్చింది. వెయ్యేండ్లు దాటింటది."

"అయితే మిరపకాయ ఇంకో ఐదొందల ఏండ్లు ఆగాల" అన్నాడు రంగయ్య. ముగ్గురూ నవ్వారు.

విశాలాక్షమ్మ మాత్రం మనసులో ఆ పళ్ళేన్ని మళ్ళీ పరుచుకుంది. పెట్టకూడదన్నవన్నీ ఓడ దిగినవే. పెద్దలు వాటిని కాదన్నది లేదు, అసలు చూడనే లేదు. ఓడలు రాకముందు మన వంటింట్లో ఏముండేదో పుస్తకాలు మరిచినా ఈ పళ్ళెం మరవలేదు. ఎన్నిసార్లు తన చేత్తో పొట్లం కట్టి ఇచ్చిందో దాన్ని! ఆ సంతోషం సాయంత్రం దాకా ఉంది. ఆ తర్వాత పాత బెంగే మళ్ళీ వచ్చింది. పెద్దలు ఎరగకపోతే పోనీ, ఆయన ఎరుగును గదా.

మర్నాడు పంతులుగారు పీట మీద కూర్చున్నాక ఆవిడ గుప్పిట విప్పింది. రెండు ఎండు మిరపకాయలు.

"ఈ పొద్దు మీరు పిలిచేది మా ఆయన్నీ, ఆయన నాయన్నీ, తాతనూ. ముగ్గురూ కారం తిన్నోళ్ళే. ఇవి పెడితే తప్పేనా పంతులుగారూ?"

ఆయన పెద్ద వయసువారు. కోప్పడలేదు. "చిన్నప్పుడు మా నాయన్ను నేనూ అడిగినాను తల్లీ. ఊరికే ఉండి కంద చెక్కు తియ్యరా అన్నాడు."

కిరణ్ నవ్వు ఆపుకున్నాడు. నిన్న తెలిసిన సంగతంతా ఆవిడ చెప్పింది. పంతులుగారు శ్రద్ధగా విన్నారు. పోర్చుగీసు మాట రెండోసారి చెప్పించుకున్నారు కూడా.

"నేను చదివిన దాంట్లో దీని పేరు లేదు. లేనిదాన్ని పెట్టమని చెప్పలేను, తప్పనీ చెప్పలేను. అయితే ఈ పళ్ళెం ఆయనొక్కడిదే కాదు. ముగ్గురి పేర్లే చెప్తాం గానీ, వాళ్ళ వెనక ఎందరో ఉండారు. వాళ్ళకు తెలిసిన తిండి వాళ్ళకు పెట్టు. ఆయనకిష్టమైంది విడిగా వండి, ఆయన పేరు తలుచుకుని ఆకలిగొన్న మనిషికి పెట్టు. దానికి నన్ను అడిగే పని లేదు."

పళ్ళెం మిరియాలతోనే వెళ్ళింది. ఆవిడ మడి చీర మార్చుకుని పొయ్యి వెలిగించి, రంగయ్య తెచ్చిన కాయలు నూనెలో వేయించింది. కిరణ్ తుమ్ముకుంటూ వీధిలోకి పరుగెత్తాడు. ఆవిడ ఉప్పూ చింతపండూ వేసి రోట్లో నూరి, బెంచీ మీదున్న రంగయ్యను లోపలికి పిలిచి ఆకు వేసింది.

"నాకెందుకు చెల్లెమ్మా? బావకు గదా?"

"బావకే. నువ్వు తిను."

రంగయ్యకు అర్థమైంది. చెయ్యి కడుక్కుని, ఒక్క క్షణం కళ్ళు మూసుకుని, ముద్ద కలిపాడు. రెండో ముద్దకే చెవుల దాకా ఎర్రబడ్డాడు. "నా చేను కాయ నన్నే కరిచిందే!" అంటూనే మారడిగాడు. విశాలాక్షమ్మ గోడకానుకుని ఆకు వైపే చూస్తూ నిలబడింది. చివరి మెతుకు దాకా చూసింది.

"కడుపు నిండింది చెల్లెమ్మా."

"మళ్ళీ చెప్పన్నా."

"ఏందది?"

"కడుపు నిండిందని."

రంగయ్య తలెత్తి ఆవిడ ముఖం చూశాడు. ముక్కు తుడుచుకున్నాడు. "నిండింది తల్లీ. బాగా నిండింది. ఇంక మజ్జిగ పొయ్యి, నోరు మండిపోతా ఉంది."

ఆవిడ మజ్జిగ కోసం లోపలికి వెళ్ళింది.