మేడం ముఖానికి గీసిన గడులు

అక్క పెళ్లికి లీవు అడగబోయి, నా పరువును ఒక నోట్‌బుక్కులో ఎలా ముంచానో చెబుతాను. నవ్వండి, పర్లేదు. నవ్వకూడని వాళ్లే ముందు నవ్వేశారు.

అప్పట్లో నేను మాదాపూర్‌లో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో కొత్తగా చేరాను. రోజంతా కంప్యూటర్ ముందు కూర్చునేవాడి బతుకు కాగితం మీదే చక్కబడుతుందని ఎక్కడో విని, ఒక నోట్‌బుక్కు, ఐదు రంగుల పెన్నులు, ఒక స్కేలు కొన్నాను. మొదటి ఆదివారం విషయసూచిక రాశాను. రెండో ఆదివారం అది వంకరగా ఉందని చింపి మళ్లీ రాశాను. తాగిన నీళ్లకు ఒక పేజీ, పడుకున్న గంటలకు ఒక పేజీ, జాబితాలన్నిటికీ ఒక జాబితా. ఖాళీ గడి కనిపిస్తే అరికాళ్ల కింద చీమలు పాకినట్టుండేది. పనులు మాత్రం రోజూ ఒక బాణం గుర్తు వేయించుకుని రేపటికి నడిచిపోయేవి.

ఇంతలో అక్క పెళ్లి కుదిరింది. ప్రొద్దుటూరు నుంచి నాయన ఫోన్.

"ఏమప్పా, లీవు అడిగినావా?"

"అడుగుతా నాయనా. టైము చూస్తాండా."

"ముహూర్తం పెండ్లికి చూస్తారు గానీ, లీవు అడిగేదానికి కూడానా? మగపెండ్లోళ్లు వచ్చేటప్పటికి నువ్వు వాకిట్లో లేకుంటే మర్యాదగా ఉండదు, చెప్తాండా!"

అడగడానికీ ముహూర్తమే కావాలి మరి. మా మేనేజర్ సరళ మేడం నవ్వితే వరాలిస్తారు. కోపమొస్తే కుర్చీలు కూడా సర్దుకుని కూర్చుంటాయి. పైగా పెళ్లి వారంలోనే మా ప్రాజెక్టు విడుదల. అందుకని ఇంజినీరింగ్ చదివిన ఎవడైనా చేసే పనే చేశాను. కాదులెండి, నేనొక్కణ్ణే చేసే పని. రోజూ ఆవిడ ముఖం చూసి ఒక గడికి రంగు వేశాను. ఎరుపు: నోరెత్తకు. పసుపు: టీ తర్వాత చూద్దాం. ఆకుపచ్చ: శుభం. వరుసగా మూడు పచ్చలు వస్తే అడగాలని నియమం. నెల గడిచిపోయింది. పక్క సీటు సాయి, భీమవరం వాడు, తల పట్టుకున్నాడు.

"ఒరేయ్, నోటితో అడిగితే అయిపోయేదానికి ఈ జాతకచక్రం ఏంట్రా బాబూ?"

"డేటా చాలదురా."

"చాలేలోపు మీ అక్కకి పిల్లలు పుడతారు!"

మర్నాడు టీమ్ మీటింగ్‌లో మేడం చూపు నా నోట్‌బుక్కు మీద పడింది.

"అరే, మస్తు రాస్తున్నవ్ గదా! చూడుండ్రి, ప్లానింగంటే గిట్లుండాలె. జర ఇటియ్యి, అందరికి చూపిస్త."

"చేతిరాత బాగుండదు మేడం..."

"ఏం ఫికర్ లేదు, ఇయ్యి."

తన ఫోన్ కెమెరాను గోడమీది పెద్ద టీవీకి కలిపి, పుస్తకాన్ని దాని కింద పెట్టారు. తెరుచుకున్నది విషయసూచిక. గోడలకు చెవులుంటాయంటారు, నా పుస్తకానికి నోరు కూడా ఉంది. రహస్యానికి సైతం వరుస సంఖ్య ఇచ్చే క్రమశిక్షణ నాది. "పేజీ 24: మేడం ముఖం."

మేడం నిదానంగా ఇరవై నాలుగుకు తిప్పారు. తెర నిండా దానిమ్మ గింజలు ఒలికినట్టు ఎర్ర గడులు.

"ఇదేంది?"

"లీవు అడగడానికి మేడం. మా అక్క పెళ్లి. ఏడు రోజులు. మీరు పచ్చగా... అంటే, మీరు బాగున్నప్పుడు అడుగుదామని..."

"నెల సంది నా మొఖానికి రంగులేస్తున్నవా?"

సాయి పెన్ను పడిందని బల్ల కిందికి వంగాడు. ఇక లేవలేదు.

మేడం కళ్లద్దాలు పెట్టుకుని గడులన్నీ చదివారు, పరీక్ష పేపరు దిద్దినట్టు. వేలు ఒకచోట ఆగింది.

"ఈడ వరుసగ మూడు పచ్చలున్నయ్ గదా. అప్పుడెందుకు అడగలే?"

అబద్ధం ఆడదామంటే ఆ పేజీ సిద్ధం చేసుకోలేదు.

"అప్పుడు నేను ఆఫీసుకు రాలేదు మేడం. జ్వరమొచ్చి పుప్పాలగూడ రూమ్‌లో పడుకున్నా. గడులు ఖాళీగా ఉంటే నిద్ర పట్టక, సాయికి ఫోన్ చేసి అడిగి నింపాను. తిరిగొచ్చిన రోజు మళ్లీ ఎరుపే."

మేడం ఒకసారి తెరను, ఒకసారి నన్ను చూశారు.

"అంటే నువ్వు రాని దినాలే నేను ఖుషీగున్న! నేనంటలేను, నీ బుక్కే చెప్తుంది. ఏడు రోజులేంది, పది దినాలు తీస్కో. అందరికి ఆరాం!"

బల్ల కింద ఉన్నవాడితో సహా పదకొండు మంది నవ్వారు. లీవు దొరికింది, తలెత్తుకుని తిరగడం మాత్రం దొరకలేదు.

కాబట్టి, పాఠక మహాశయులారా, ఐదు రంగుల పెన్నుల సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను: ఇకపై బతికున్న ఏ మనిషి ముఖానికీ గడి గీయను, రంగు వేయను. ఒకవేళ చేయి ఆగక వేసినా, చచ్చినా విషయసూచికలో ఎక్కించను.