ఎర్రబడిన ఉప్పు

నా చిన్నప్పుడు మా ఇంట్లో ఉప్పు ఒకసారి ఎర్రబడింది. ఉప్పంటే కూరలో వేసుకునే గుప్పెడు ఉప్పు కాదు, చేపలు ఊరబెట్టడానికి వసారా మూల పెట్టుకున్న బానెడు ఉప్పు. అది ఎందుకు ఎర్రబడిందో మొదట్లో ఇంట్లో ఇద్దరికే తెలుసు. ఒకరు మా అమ్మ, రెండో మనిషిని నేను. అప్పుడు నాకు తొమ్మిదేళ్ళు. ఇన్నాళ్ళూ ఈ సంగతి ఎవరికీ చెప్పలేదు. ఈ మధ్య డాక్టరు నాకొక కొత్త మాత్ర రాసిచ్చాక, దానితో నేను చేసిన తెలివితక్కువ పని నాకే తెలిసొచ్చాక, చెప్పుకోవాలనిపించింది.

మాది నెల్లూరు తీరంలో, ఉప్పుటేరు సముద్రంలో కలిసే చోట ఒక చేపల పల్లె. నాన్న మద్రాసు వైపు మరపడవల మీద పనికి పోయి రెండు మూడు నెలలకోసారి ఇంటికి వచ్చేవాడు. ఇంట్లో ఉండేది మా తాతయ్య, అమ్మ, నేను. తాతయ్య నాన్నకు నాన్న. చిన్న తెరచాప పడవ మీద ఏట్లో వేటకు పోయేవాడు. ఆయన తెచ్చిన చేపల్ని అమ్మ కడిగి, ఉప్పులో ఊరబెట్టి, ఎండబెట్టి, గంపకెత్తుకుని సంతకు పోయేది. మా అమ్మ ఎండుచేప అంటే సంతలో అడిగి మరీ కొనేవాళ్ళు. ఉప్పు ఎంత పట్టాలో ఆమె చేతికి తెలుసునని అనేవాళ్ళు. ఆ బానలో ఇంకొకరు చెయ్యి పెడితే ఆమె ఒప్పుకునేది కాదు.

ఆ చలికాలం అమ్మకు దగ్గు పట్టుకుంది. నిమ్ము అనుకున్నాం. కషాయాలు తాగింది, ఛాతీకి కర్పూరం నూనె రాసుకుంది. దగ్గు పోలేదు సరికదా, సాయంత్రమయ్యేసరికి జ్వరం కాయడం మొదలైంది. చేతి గాజులు మోచేతి దాకా జారిపోయేంతగా చిక్కిపోయింది. తాతయ్య బస్సెక్కించి టౌను ఆసుపత్రికి తీసుకుపోయాడు. కళ్ళె పరీక్ష చేసి క్షయ అన్నారు. రోజూ పొద్దున్నే వేసుకోవాల్సిన మాత్రలు నెలకు సరిపడా ఇచ్చి, నెలలపాటు ఒక్క రోజు కూడా మానకూడదని చెప్పి పంపించారు. వాటిలో ఒకటి ఎర్రటి గొట్టం మాత్ర. నా చిటికెన వేలి మొదటి కణుపంత ఉండేది. జబ్బు పేరు బయటికి పొక్కితే అమ్మ చేత్తో ఊరబెట్టిన చేప ఇక ఎవరూ కొనరని ఆమె దిగులు. ఊళ్ళో నిమ్ము అనే చెప్పింది.

మందు మొదలుపెట్టిన రోజే ఆమెకు మూత్రం ఎర్రగా పోసింది. మా పల్లెలో అప్పట్లో ఆడవాళ్ళంతా తెల్లవారుతుండగా సరుగుడు తోపు వైపు పోయేవాళ్ళు. ఆ రోజు అమ్మ ఆలస్యంగా పోయింది, బాగా వెలుగొచ్చాక. తిరిగి వచ్చి గడప మీద కూలబడింది. రెండో రోజూ అంతే. మూడో రోజుకు రవిక చంకల దగ్గర నారింజ రంగు పట్టింది. దానికి తోడు కడుపులో తిప్పడం. పుట్టిందగ్గర్నుంచి చేపల మధ్యే బతికిన మనిషి, చేప వాసన వస్తే చాలు గోడ పట్టుకుని వాంతి చేసుకునేది. అన్నం ముద్ద చేతిలో పెట్టుకుని చూస్తూ కూర్చునేది.

నాలుగో రోజు పొద్దున తాతయ్య ఏటి గట్టుకు పోయాక, అమ్మ నన్ను వసారాలోకి పిలిచింది. ఆ రోజు గొట్టం మాత్రను ఉప్పు బానలో, మోచెయ్యి మునిగేంత లోతుకు దూర్చింది. ఆ రోజు మిగతా మాత్రల్నీ దాని వెనకే తోసింది. తర్వాత నా చేతిని తన తల మీద పెట్టుకుంది.

"నెత్తురంతా పోతా ఉంది పాపా. ఈ మందు నన్ను తినేస్తది. మీ తాతకు చెప్పబాక. చెప్తే నామీద ఒట్టు," అంది.

ఒట్టు తప్పితే తల మీద చెయ్యి పెట్టించుకున్న మనిషి చచ్చిపోతుందని మా పిల్లలందరికీ గట్టి నమ్మకం. నేను చెప్తే అమ్మ చచ్చిపోతుంది. చెప్పకపోతే మందు లేక చచ్చిపోతుంది. తొమ్మిదేళ్ళ బుర్రకు ఇంతకన్నా పెద్ద చిక్కు ఏముంటుంది? బడిలో ఎక్కాలు అప్పజెప్పమంటే నోరు పెగిలేది కాదు. టీచరు నన్ను మొద్దు అంది. నేను మొద్దును కాదు, బానలో మాత్రలు ఎన్ని అయ్యాయా అని లెక్కపెట్టుకుంటున్నాను అంతే.

తాతయ్య రోజూ పొద్దున తెడ్డు భుజానికెత్తుకుని, గుమ్మంలో నిలబడి, "మాత్ర ఏసుకున్నావామ్మా?" అని అడిగేవాడు. అమ్మ పొయ్యి దగ్గర్నుంచి తలెత్తకుండానే, "ఆ, ఏసుకున్నా మామా," అనేది. ఆయన తృప్తిగా వెళ్ళిపోయేవాడు. నేను బాన వైపు చూసేదాన్ని. ఆ రోజు మాత్రలూ అందులోకే పోయేవి. మందు మానేశాక ఎరుపు పోయింది, వాంతులు తగ్గాయి. అమ్మ రెండు ముద్దలు తిన్నది కూడా. చూశావా అన్నట్టు నావైపు చూసి నవ్వింది. నాకూ ధైర్యం వచ్చింది. ఆ ధైర్యం వారం కూడా నిలవలేదు. జ్వరం మళ్ళీ మొదలైంది. దగ్గుతో పాటు ఈసారి గుడ్డలో నిజంగానే నెత్తురు పడింది. అమ్మ ఆ గుడ్డను కూడా దాచింది.

ఒక రోజు మధ్యాహ్నం తాతయ్యకు వల నిండా కానాగంతలు పడ్డాయి. అమ్మ మంచం మీద నుంచి లేవలేకపోయింది. చేపలు చెడిపోతాయని తాతయ్యే చిప్ప తీసుకుని బాన మూత తీశాడు. నేను గుంజ పట్టుకుని నిలబడిపోయాను. పైపైన తెల్లగానే ఉంది. ఆయన చెయ్యి లోపలికి పోయి బయటికి వచ్చేసరికి ముంజేయి దాకా ఎర్రగా ఉంది. మా ఊరి గాలికి ఉప్పు ఎప్పుడూ చెమ్మగానే ఉంటుంది. ఆ చెమ్మకు గొట్టాలు కరిగి, లోపలి పొడి ఉప్పంతా పాకింది.

తాతయ్య ముందు తన చెయ్యి కోసుకుందేమోనని చూసుకున్నాడు. నీళ్ళతో కడిగి చూశాడు, గాటు లేదు. మళ్ళీ బానలో చెయ్యి పెట్టి తడిమి, ఇంకా కరగని గొట్టం మాత్ర ఒకటి బయటికి తీశాడు. దాన్ని అరచేతిలో పెట్టుకుని చాలాసేపు చూశాడు. తర్వాత అమ్మ మంచం వైపు చూశాడు. ఆ తర్వాత నా వైపు. నేను ఏడుపు లంకించుకున్నాను. ఇప్పుడు అడుగుతాడు, నేను చెప్పేస్తాను, అమ్మ చచ్చిపోతుంది అని.

ఆయన దగ్గరికి వచ్చి, "నేను నిన్నేమీ అడగలా. నువ్వేమీ చెప్పలా. సరేనా?" అన్నాడు.

ఆ మాటతో నా గుండెల మీది బరువు దిగిపోయింది. ఈ రోజుకీ తలుచుకుంటే కళ్ళల్లో నీళ్ళు తిరుగుతాయి. కొట్టి చెప్పించవచ్చు. బుజ్జగించి చెప్పించవచ్చు. ఒట్టూగిట్టూ ఏం లేదని కొట్టిపారేయవచ్చు. అవేవీ చేయకుండా నా ఒట్టును నాకే మిగిల్చాడు. ఆ చేపల్ని పక్కింటి అక్కకు ఇచ్చేసి, చేతులు కడుక్కుని, అమ్మను ఒక్క మాట కూడా అనకుండా బయటికి వెళ్ళిపోయాడు. అమ్మ గోడ వైపు తిరిగి పడుకుంది.

మరుసటి రోజు పొద్దున ఆయన అమ్మ మంచాన్ని ఇంటి ముందు ఎండలోకి తెచ్చి వేశాడు. పడవకని ఉంచుకున్న రెండో తెరచాపను మోసుకొచ్చి మంచం ముందు పరిచాడు. మా వైపు తెరచాప గుడ్డ ఉప్పునీటికి చివికిపోకుండా తుమ్మచెక్క ఉడకబెట్టిన నీళ్ళలో నానవేసి ఎండబెట్టేవాళ్ళు. ముదురు ఎరుపు రంగు పట్టేది. ఆ చాపకు నాలుగు రోజుల కిందే రంగు పట్టించాడు, ఇంకా నీళ్ళలో దించలేదు. బిందెడు నీళ్ళు తెచ్చి దాని మీద పోశాడు. ఎర్రటి నీళ్ళు మడతల్లోంచి కారి, ఇసుకలో పాయలుగా మంచం కిందికి పారాయి.

"ఏందమ్మా, చాపకు నెత్తురు పోతా ఉండాదా?" అని అడిగాడు.

అమ్మ ఆ పారే నీళ్ళనే చూసింది. ఆయన మళ్ళీ అడిగాడు.

"రంగు మామా," అంది చివరికి, వినీవినపడనట్టు.

"ఎవురు పట్టించినారు?"

"నువ్వే."

అప్పుడు పింగాణీ పళ్ళెంలో నీళ్ళు పోసి, నిన్నటి గొట్టం మాత్రను చిదిమి అందులో వేశాడు. పళ్ళెమంతా ఎర్రబడింది. ఎర్రటి ఉప్పు చిటికెడు ఇంకొక పళ్ళెంలో వేశాడు. అదీ అంతే. "చేప నెత్తురు ఇసకలో పడితే ఎట్టుంటదో నీకు నేను చెప్పాల్నా? గడ్డ కడతది, ఈగలు ముసురుతాయి. దీన్ని చూడు, రంగు గాక ఇంకేంది?" అన్నాడు. అమ్మ లేచి కూర్చుని పళ్ళెంలో వేలు పెట్టి చూసింది. ఆ వేలిని చీర చెంగుకు రాసి, తన రవిక చంక దగ్గర పట్టిన మరక పక్కన పెట్టి చూసుకుంది. రెండూ ఒకటే రంగు.

అంతటితో ఆగిపోతే మా తాతయ్య కూడా అందరిలాంటి పెద్దమనిషే అయ్యేవాడు. "నాకు తెలిసింది చాప సంగతి. ఒంటి సంగతి ఆసుపత్రోళ్ళకు తెలుసు. పోదాం పద. మాత్రలు దాచినావని కూడా చెప్దాం. కడుపులో తిప్పతా ఉందని చెప్దాం. అది రంగు కాదు గదా, అది నిజమే గదా," అన్నాడు. అది నిజమేనని ఎవరో ఒకరు అన్నందుకు అమ్మ వెక్కివెక్కి ఏడ్చింది.

ఆసుపత్రిలో నర్సమ్మ మొదట మండిపడింది. మాత్రలు ఇచ్చిన రోజే రంగు సంగతి చెప్పినానే అంది. చెప్పే ఉంటుంది. జబ్బు పేరు విన్నాక అమ్మ చెవికి ఇంకేమీ ఎక్కి ఉండదు. తర్వాత నర్సమ్మే మెత్తబడి, ఈ మందు వేసుకుంటే ఎర్రగానే పోస్తుందని, చెమటకూ కన్నీళ్ళకూ కూడా ఆ రంగు వస్తుందని, దాంతో భయం లేదని చెప్పింది. కళ్ళు పచ్చబడినా, వాంతులు ఆగకపోయినా మాత్రం అదే రోజు రావాలని రెండుసార్లు చెప్పి, అమ్మ చేత తిరిగి చెప్పించుకుంది. డాక్టరు కడుపు తిప్పడానికి వేరే మాత్ర రాసి, మందు ఎప్పుడు, ఏం తిని వేసుకోవాలో మార్చి చెప్పాడు. దాచిన రోజులు మాత్రం ఎవరూ తిరిగి ఇవ్వలేరన్నాడు. మళ్ళీ పరీక్షలు, మళ్ళీ మొదటి రోజు నుంచి లెక్క. అమ్మ ఊపిరితిత్తుల్లో ఆ మధ్యలో పడిన మచ్చ చివరిదాకా ఉండిపోయింది. మెట్లెక్కితే ఆయాసపడేది.

మందు మళ్ళీ మొదలైన వారానికి అమ్మ దేనికో ఏడ్చి, తెల్ల తువ్వాలుతో కళ్ళు తుడుచుకుంది. తువ్వాలు మీద లేత నారింజ మరక పడింది. దాన్ని చూసి, "ఏడుపుక్కూడా రంగేసినారే!" అని నవ్వింది. ఆ చలికాలం మొదలైన తర్వాత ఆమె గట్టిగా నవ్వడం అదే మొదటిసారి. నేనూ తాతయ్యా ఎర్రబడిన ఉప్పును గంపలతో మోసి ఏట్లో కలిపేశాం.

ఆ రోజు తర్వాత మా తాతయ్య "మాత్ర ఏసుకున్నావామ్మా?" అని అడగడం మానేశాడు. తెడ్డు భుజాన పెట్టుకుని గుమ్మంలో నిలబడి, "ఒళ్ళెట్టుందమ్మా?" అని అడిగేవాడు. "బాగుంది మామా," అనేది అమ్మ. ఆయన కదిలేవాడు కాదు. పోటు దాటిపోతుందని పడవ వాళ్ళు కేకేస్తున్నా అక్కడే నిలబడేవాడు. ఇక తప్పక అమ్మ ఒక్కొక్కటే చెప్పేది. నోరు చేదుగా ఉందని, మోకాళ్ళు పీకుతున్నాయని, రాత్రి నిద్ర పట్టలేదని. అంతా విని, ఆసుపత్రికి పోయినప్పుడు గుర్తుపెట్టుకుని చెప్పేవాడు. అమ్మ ఆ మందు చివరిదాకా వేసుకుంది. జబ్బు తగ్గింది. మళ్ళీ గంపెత్తుకుని సంతకు పోయింది. నా పెళ్ళి చూసింది, నా కొడుకును ఎత్తుకుంది.

ఇక నా సంగతి. నేనిప్పుడు కావలిలో ఉంటున్నాను. కొడుకు కృష్ణపట్నంలో కరెంటు ప్లాంటులో పనిచేస్తాడు. నెల కిందట డాక్టరు నాకు బీపీకి కొత్త మాత్ర రాశాడు. వేసుకున్న వారానికి పాదాలు వాచాయి, చెప్పులు పట్టడం లేదు. నేనేం చేశాను? ఇంత కథ తెలిసిన దాన్ని, మాత్రల అట్టను బీరువాలో చీరల కింద దాచాను. కొడుకు రోజూ డ్యూటీ ఎక్కేముందు ఫోన్ చేసి, "అమా, మాత్ర ఏసుకున్నావా?" అని అడుగుతాడు. "ఆ, ఏసుకున్నా నాయనా," అంటాను. అచ్చం మా అమ్మ గొంతుతోనే అంటున్నానని తొమ్మిదో రోజున నాకే వినిపించింది.

అప్పుడు, "నాయనా, ఏసుకున్నావా అని అడగబాక. ఒళ్ళెట్టుందని అడుగు," అన్నాను.

వాడికి అర్థం కాలేదు. అవతల కంపెనీ బస్సు హారన్ మోగుతోంది, ఎవరో వాణ్ణి పిలుస్తున్నారు. తర్వాత, "ఒళ్ళెట్టుంది మా?" అని అడిగాడు. బాగుంది అన్నాను. వాడు ఫోన్ పెట్టేయలేదు. బస్సు పోయిన చప్పుడు వినిపించింది. నేను మంచం మీద కూర్చుని, వాచిన కాళ్ళను చూసుకుంటూ, ఆ మాత్ర వేసుకున్న మొదటి రోజు నుంచి చెప్పడం మొదలుపెట్టాను.