కంచరగాడిద కూర్చున్న చారిత్రక స్థలం

థర్మన్ గూల్స్‌బీకి ఒకటే పిచ్చి. ఏది కనబడినా దాని ముందు చారిత్రక బోర్డు పాతేస్తాడు.

రిటైరైన వెల్డరు కదా, రేకుకి కొదవలేదు. మా టాలో కౌంటీలో చూడదగ్గవి పాత కోర్టూ, కప్పున్న చెక్క వంతెనా. అంతే. అలాంటిది, ఓ ఆదివారం చర్చికి పోతుంటే పాత రోడ్డు పక్కన, అచ్చం ప్రభుత్వం వేయించినట్టే, బంగారు అక్షరాలు: "1931లో బెక్ అను కంచరగాడిద ఇచ్చట కూర్చుని మూడు దినములు లేవలేదు." నేను కొయ్యబారిపోయాను. కౌంటీ వారసత్వ సంఘం అధ్యక్షుణ్ణి నేనాయె!

"ఇదేం చరిత్రయ్యా?" అని థర్మన్‌ని నిలదీశాను.

"మూడ్రోజులు కూర్చోడమంటే మాటలా లీలండూ? నువ్వు చర్చిలో గంట కూర్చోలేవు."

వారం తిరక్కుండా మా గేటు ముందు ఇంకోటి వెలిసింది: "ఈ వసారాలో లీలండ్ క్రిబ్స్ తన పెళ్లినాడు కళ్లు తిరిగి పడెను." మా ఆవిడ నవ్వలేక చచ్చింది. ఊళ్లు చూడ్డానికొచ్చిన ఒకావిడ కెమెరా పట్టుకుని, "కాస్త పడి చూపిస్తారా?" అంది.

వెంటనే పాత రోడ్డు మీదున్న ఒజెల్లా టార్వర్ హోటల్లో సంఘాన్ని సమావేశపరిచాను. హోటలంతా మేమే.

"హైవే పడ్డాక ఈగలు తప్ప ఎవరొస్తున్నారు నాయనా? వచ్చే నెలాఖరుకి మూసేస్తా," అంది ఒజెల్లమ్మ. అయ్యో అనుకుని, బోర్డులన్నీ పీకెయ్యాలని తీర్మానం చేసి లేచాం.

నెల తర్వాత శనివారం, రెంచీ పట్టుకుని ట్రక్కెక్కాను. అప్పటికి బోర్డులు పద్నాలుగయ్యాయి! ఒక్కటీ హైవే మీద లేదు. ప్రతిదాని అడుగునా చిన్నక్షరాలు: "తరువాతి స్థలము ఇటు." బాణం గుర్తు పట్టుకుపోతే, పద్నాలుగోది సరిగ్గా ఒజెల్లమ్మ గుమ్మం ముందుంది: "ఇచ్చటినుండి నలభై యేండ్లుగా ఎవరూ ఆకలితో వెళ్లలేదు."

వాకిలి నిండా కార్లు! నేను గుడ్లప్పగించి చూస్తున్నాను. లోపలినుంచి థర్మన్ నడుముకి ఏప్రన్‌తో, చేతిలో ప్లేట్లతో వచ్చాడు.

"ఇదంతా ఇందుకా?" అన్నాను.

"పదమూడు చోట్ల దిగి ఎక్కితే ఎవరికైనా ఆకలేస్తుందిగా," అన్నాడు, దొంగలా నవ్వుతూ.

సిగ్గేసింది. రెంచీ ట్రక్కులో పారేసి లోపలికి అడుగుపెట్టబోయాను.

"ఎక్కడికి దూసుకొస్తావ్ లీలండూ? బల్లలు ఖాళీ లేవు, బయట నిలబడు!" ఒజెల్లమ్మ గరిటె ఊపుతూ అరిచింది.

ముప్పై ఏళ్లలో అక్కడ నాకు చోటు దొరక్కపోవడం అదే మొదలు. ఎండలో నలభై నిమిషాలు నిలబడ్డాను, పరమానందంగా.