చేపల కారుకి హాలోజెన్ లైట్లు

1984 చలికాలం. విశాఖపట్నం వన్ టౌన్‌లో నేను ఆటో ఎలక్ట్రికల్ కొట్టు పెట్టి అప్పటికి పదకొండేళ్లయింది. కొట్టంటే ఒక షట్టరు, ఒక బల్ల, ఒక బ్యాటరీ చార్జర్, సందు చివర ఎవరిదో గోడౌను వెనక గోడ. గోడ నాది కాదు గాని నా పనికి అదే ప్రాణం. హెడ్‌లైట్లకు ఫోకస్ సెట్టింగ్ దాని మీదే చేసేవాణ్ని. బండిని గోడకు పాతిక అడుగుల దూరంలో నిలబెట్టి, గోడ మీద సుద్దతో గీత గీసి, డిమ్‌లో పడే వెలుగు ఆ గీత దాటి పైకి పోకుండా లైటు అంచునున్న మరలు తిప్పడమే ఫోకస్ సెట్టింగ్. సాయంత్రం వెలుతురు తగ్గాక చేయాలి. ఓపిక కావాలి. నాకు నోటి దురుసు ఎక్కువే గాని పని దగ్గర ఓపిక ఉండేది.

అప్పట్లో చాలామంది ఫోకస్ సంగతి పట్టించుకునేవారు కాదు. లైటు అద్దం మీద నల్ల రంగుతో ఒక బొట్టు పెడితే ఎదుటివాడి కళ్లు చెదరవని నమ్మకం. పోలీసులు కూడా బొట్టు ఉందా లేదా అనే చూసేవారు. బొట్టు ఉన్నవాడు పుణ్యాత్ముడు, లేనివాడు దోషి. నేను అడిగినవాళ్లకు బొట్టు పెట్టేవాణ్ని, పెడుతూ నాలుగు మాటలూ అనేవాణ్ని. నగరంలో లైట్ల పని తెలిసినవాణ్ని నేనొక్కణ్నే అన్నంత గర్వం ఉండేది నాకు. ఆ గర్వం ఎలా దిగిందో చెప్పడానికే ఇది రాస్తున్నాను.

అప్పలస్వామి ఫిషింగ్ హార్బరు నుంచి గాజువాక మార్కెట్‌కి చేపలు తోలేవాడు. స్టీల్ ప్లాంటు కడుతున్న రోజులవి. పనివాళ్లతో గాజువాక నిండిపోయి, ఎంత చేప వెళ్లినా తెల్లారేసరికి అమ్ముడైపోయేది. అతనికో పాత అంబాసిడర్ కారుంది. వెనక డిక్కీ తలుపు తీసేసి ఐసు కొట్టిన గంపలు నాలుగు అందులో పెట్టి తాళ్లతో కట్టేవాడు. తెల్లవారకముందే రెండు ట్రిప్పులు.

"భాయ్, లారీలోళ్లు ఏత్తన్నారు కదా, వంద వాట్లది. నాకూ అదే ఏసేయ్. తెల్లారగట్ల ఆ రోడ్డు మీద ఏటీ అగపడ్డం లేదు" అన్నాడు.

"ఎదరోడి కళ్లు పోతే నీకేటి లాభం? అరవై వాట్లు సాలు. నా మాట ఇను" అన్నాను.

హాలోజెన్ బల్బులు అప్పుడప్పుడే వస్తున్నాయి. ఓడల వాళ్లు తెచ్చి అమ్మేవారు. లోపల వేరే గ్యాసు నింపిన చిన్న గాజు బుడ్డి అది. మామూలు బల్బు పసుపుగా వెలిగితే ఇది తెల్లగా, దానికి రెండింతలు వెలుగుతుంది. గాజును చేత్తో తాకకూడదు. చేతి జిడ్డు అంటిన చోట వేడెక్కి పగిలిపోతుంది. అతనికి అరవై వాట్లవే వేశాను. అవి లాగే కరెంటును పాత స్విచ్చి మోయలేదని రిలే కూడా పెట్టాను. బ్యాటరీ నుంచి నేరుగా లైట్లకు కరెంటు అందించే చిన్న పెట్టె అది. పని అయ్యాక సాయంత్రం గోడ ముందు నిలబెట్టి ఫోకస్ సెట్ చేశాను. వెలుగు గీత కింద బుద్ధిగా కూర్చుంది. అతను అడిగితే నల్లబొట్టూ పెట్టాను. నాకు నేనే శభాష్ అనుకున్నాను.

ఇక్కడో చిన్న సంగతి చెప్పాలి. నా పక్క కొట్టు మా చాచాది, అంటే చిన్నాన్నది. అత్తరు వ్యాపారం. చేపల కంపుతో బండి తెస్తే ఊరుకోడు. అందుకని అప్పలస్వామికి ముందే గట్టిగా చెప్పాను, కడుక్కుని రమ్మని. పాపం, గంపలన్నీ దింపేసి, కారు లోపలా బయటా కడిగి, డాష్‌బోర్డు మీద అగరొత్తి కూడా వెలిగించి తెచ్చాడు. "పెళ్లికూతుర్ని తెచ్చినట్టు తెచ్చావు" అని ఏడిపించాను.

మూడు వారాల తర్వాత ఒక మధ్యాహ్నం నడుచుకుంటూ వచ్చాడు. కారు తాళం నా బల్ల మీద పెట్టి స్టూలు మీద కూలబడ్డాడు.

"నాను ఇంక బండి తోలను భాయ్" అన్నాడు.

ముందురోజు తెల్లవారుజామున రెండో ట్రిప్పులో, ఎదురుగా సైకిలు మీద వస్తున్న ఒక కుర్రాడు ఇతని లైట్లకు కళ్లు చెదిరి రోడ్డు దిగి గోతిలో పడ్డాడు. పేరు సత్యం. స్టీల్ ప్లాంటులో కడ్డీలు వంచే పని. మణికట్టు విరిగింది. అప్పలస్వామే అతన్ని చేపల గంపలతో పాటు కారులో వేసుకుని ఆసుపత్రికి తీసుకెళ్లాడు.

"సెయ్యి ఇరిగింది గాబట్టి సరిపోయింది. ఎనక లారీ వత్తంటే ఏటయ్యేది? ఆ రోడ్డు నిండా సైకిళ్లే భాయ్. ఇంకోడు పడితే నాను తట్టుకోలేను" అన్నాడు.

నాకు మొదట వచ్చింది జాలి కాదు, కోపం. నా పనిలో తప్పా?

"డిమ్ కొట్టావా?"

"కొట్టాను. మాయమ్మ తోడు."

అంబాసిడర్‌లో డిమ్ స్విచ్చి కింద నేల మీద ఉంటుంది, ఎడమ కాలితో నొక్కాలి. నేను అతని మాట నమ్మలేదు. సాయంత్రం అతన్ని వెంటబెట్టుకుని వెళ్లి, కారు నేనే తోలుకొచ్చి గోడ ముందు పెట్టాను. ముందురోజే నెత్తుటి మరకలు, చేపల నీళ్లు కడిగి మళ్లీ శుభ్రంగానే ఉంచాడు. డిమ్ నొక్కితే వెలుగు గీత కిందే ఉంది, వెంట్రుకవాసి కూడా కదల్లేదు.

"లైట్లు సరిగ్గానే ఉన్నాయి. మర్సిపోయింది నీ కాలే" అన్నాను.

అతను వంగి డిమ్ స్విచ్చి వైపు చూశాడు. తర్వాత మెల్లగా, నాతో కాక ఎవరితోనో చెప్పుకుంటున్నట్టు అన్నాడు. "అదే తెలీదు భాయ్. పోయేటప్పుడు ఎదరొచ్చే పెతీ లారీవోడూ నా మీద లైట్లు కొడతన్నాడు, బూతులు తిడతన్నాడు. అదే రోడ్డు మీద తిరిగొచ్చేటప్పుడు ఒక్కడూ కొట్టడు. అప్పుడూ సీకటే కదా."

"పోయేటప్పటికీ వచ్చేటప్పటికీ ఏటి తేడా?"

"ఏటుంటాది? పోయేటప్పుడు సేపలుంటాయి. వచ్చేటప్పుడు ఉండవు."

నేను కారు వెనక్కి వెళ్లి ఖాళీ డిక్కీ వైపు చూశాను. సుద్దముక్క చేతిలో అలాగే ఉండిపోయింది.

ఎలాగూ తెల్లవారుజామున నమాజుకు లేచేవాణ్ని. మర్నాడు ఇంకాస్త ముందే లేచి, కారు నేనే తోలుకుని హార్బరుకి వెళ్లాను. అప్పలస్వామి రానంటే రానన్నాడు. "తోలక్కర్లేదు, నిలబెట్టి గంపలు ఎక్కించు సాలు" అని ఒప్పించాను. ఖాళీ కారును ఐసు ఫ్యాక్టరీ గోడకు ఎదురుగా, పాతిక అడుగులు కొలిచి నిలబెట్టి డిమ్ వేశాం. వెలుగు అంచున బొగ్గుతో గీత గీశాను.

మొదటి గంప ఎక్కింది. కారు వెనక కొంచెం కుంగింది. గోడ మీద వెలుగు రెండు వేళ్లు పైకి పాకింది. రెండో గంప. మూడోది. గంపలు మోసేవాళ్లు కూడా పని ఆపి గోడ వైపు చూడటం మొదలుపెట్టారు. నాలుగో గంప పెట్టి తాడు బిగించేసరికి వెలుగు నా గీతకు జానెడు పైన ఉంది. పాతిక అడుగుల్లోనే జానెడు. వంద గజాల అవతల సైకిలు తొక్కేవాడికి అది డిమ్మూ కాదు, బ్రైటూ కాదు, నేరుగా కంట్లో పొడవడమే. పాత పసుపు బల్బులప్పుడు కూడా వెలుగు ఇలాగే పైకి పోయి ఉంటుంది. దానికి పొడిచేంత బలం లేదు కాబట్టి ఎవరికీ తెలియలేదు. బలం ఇచ్చింది నేను.

అప్పలస్వామి గోడ వైపు, నా వైపు మార్చి మార్చి చూశాడు. "మరి ఆ నల్లబొట్టు ఏటి సేత్తంది భాయ్?"

"ఏటీ సెయ్యదు. తప్పు నీ కాలిది కాదు. నాది" అన్నాను.

అంతమందిలో ఆ మాట అనడానికి సిగ్గేసింది. నిజానికి సిగ్గుపడాల్సింది మూడు వారాల కిందట ఫోకస్ సెట్ చేసిన సాయంత్రం. బండి రోజూ ఏం మోస్తుందో తెలిసి కూడా, ముక్కు మూసుకుని, ఖాళీ బండికి లైట్లు పెట్టినవాణ్ని నేను. నా కొట్టుకు కంపు రాకూడదని నేను పెట్టిన షరతు ఒకడి మణికట్టు విరిచింది.

ఆ వారంలోనే పని మొదలుపెట్టాం. కమ్మరి చేత వెనక కమాను కట్టలో ఒక పట్టీ అదనంగా వేయించాం. కారు వెనక భాగాన్ని మోసే ఇనుప పట్టీల కట్టనే మేం కమాను అంటాం. వెనక సీటు పీకేసి రెండు గంపలు లోపలికి జరిపాం, బరువంతా డిక్కీలో పడకుండా. ఆ తర్వాత ఒక సాయంత్రం నిండు గంపలతో, కారుతున్న ఐసు నీళ్లతో కారును నేనే మా సందులోకి తోలుకొచ్చి, దాని మీదే ఫోకస్ సెట్ చేశాను. చాచా ముక్కులో అత్తరు దూది పెట్టుకుని, పనయ్యేదాకా నన్ను తిడుతూనే కూర్చున్నాడు.

గోడ బాగుందంది. కాని గోడ మాట నేను ఒకసారి నమ్మి చెడ్డాను. సత్యం ఇల్లు వెతుక్కుంటూ ఇద్దరం వెళ్లాం. చేతికి పిండికట్టు, మెడలో గుడ్డ. ఇరవై రెండేళ్లుంటాయేమో. నేనెవరో తెలిశాక మొహం తిప్పేసుకున్నాడు.

"మీ యాపారం మీది మేస్త్రీ గారూ. ఇరిగిన సెయ్యి నాది" అన్నాడు.

"నిజమే. అందుకే నీ దగ్గరికే వచ్చాం. నువ్వు బాగుందంటేనే ఇతను బండి తోలతాడు. లేదంటే తాళం నా దగ్గరే ఉంటాది" అన్నాను. అప్పలస్వామి తల ఊపాడు.

చీకటి పడుతుండగా రోడ్డు పక్కన, తమ్ముడు పట్టుకున్న సైకిలు పక్కనే సత్యం నిలబడ్డాడు. అప్పలస్వామి గంపలతో దూరం నుంచి వచ్చాడు. కారు దగ్గరయ్యేకొద్దీ సత్యం బాగున్న చెయ్యి దానంతటదే కళ్ల మీదికి లేచింది. సగంలో ఆగింది. మెల్లగా దిగింది.

"రోడ్డు అగపడతంది" అన్నాడు. "మళ్లీ ఒకసారి రమ్మనండి."

మూడుసార్లు తిప్పించాడు. మూడోసారి కారు ఆగాక కిటికీ దగ్గరికి వెళ్లి, "లారీ వత్తే అందరూ డిమ్ కొడతారన్నా. సైకిలోడికి లైటుండదు, ఆడికెవుడు కొడతాడు?" అన్నాడు.

"నాను కొడతాను. దూరాన్నుంచే కొడతాను" అన్నాడు అప్పలస్వామి.

"అయితే రేపట్నించి తోలుకో. మా తమ్ముడు ఈ రోడ్డు మీదే పనికెళ్తాడు."

అప్పలస్వామి కళ్లు తుడుచుకున్నాడు. నా కళ్లు కూడా తడయ్యాయి, దాచుకోవడమెందుకు. తాళం అతనికి ఇవ్వాల్సిన అవసరం లేకపోయింది, అప్పటికే కారులోనే ఉంది. సత్యం చెయ్యి సంక్రాంతి దాటాక అతుక్కుంది. మళ్లీ కడ్డీల పనిలోకి వెళ్లాడు. అప్పలస్వామి ఇంకా చాలా ఏళ్లు ఆ రోడ్డు మీద చేపలు తోలాడు, ఎవరూ పడలేదు.

ఆ తర్వాత హార్బరు బళ్లన్నీ నా దగ్గరికే వచ్చాయి, గంపలతో సహా. లైట్లు పెట్టమని ఎవరొచ్చినా మొదట అడిగేది బల్బు సంగతి కాదు, బండిలో ఏం వేసుకుని ఏ రోడ్డు మీద పోతావని. ఇంకో అలవాటు కూడా చేసుకున్నాను. పని అయ్యాక తాళం ఇచ్చేముందు యజమానిని సందు చివర నిలబెట్టి, నేను లోపల కూర్చుని అతని బండి లైట్లే అతని మీద వేస్తాను. వంద వాట్లు కావాలని పట్టుబట్టినవాళ్లు ఎందరో, మొహానికి చెయ్యి అడ్డం పెట్టుకుని అక్కణ్నుంచే అరిచారు, అరవై చాలు భాయ్ అని.