వెనక తలుపున ఎక్కి బ్రూక్‌ఫీల్డ్‌కి

2006 వేసవిలో ఒక ఆదివారం. మా కారు రిపేరుకని గ్యారేజీలో ఉంది. బ్రూక్‌ఫీల్డ్‌లో కొత్తగా ఫ్లాటు కొన్న మా మరదలు భోజనానికి పిలిచింది. ఆటోవాడు అడిగిన రేటుకి ఒక దండం పెట్టి, నేనూ నా భార్య పద్మా బళేపేట నుంచి నడుచుకుంటూ మెజెస్టిక్ బస్టాండు చేరాం. సిటీ బస్సు ఎక్కి రెండేళ్ళయింది. పద్మ విసుక్కుంటోంది గానీ, నాకు లోపల హుషారుగానే ఉంది.

దానికో కారణముంది. బెంగళూరు బస్సుల్లో ఆడవాళ్ళు ముందు తలుపున ఎక్కి ముందు కూర్చుంటారు, మగవాళ్ళు వెనక. పెళ్ళయిన కొత్తలో ఎక్కడికెళ్ళినా మాది బస్సే. వెనక నేను ఇద్దరికీ టికెట్లు తీసుకునేవాణ్ణి. పద్మ ముందు నుంచి మెడ తిప్పి జనంలో నన్ను వెతుక్కునేది. టికెట్ అయిందని రెండు వేళ్ళు ఎత్తి చూపించేవాణ్ణి. అంతటితో ఊరుకునేది కాదు, ప్రతి స్టాపులోనూ తిరిగి చూసేది. నేను కనబడగానే చిన్నగా నవ్వేది. తర్వాత మా తాళాల కొట్టు నిలదొక్కుకుంది, ఇల్లు కుదురుకుంది, దేనికీ లోటు లేదు. ఉన్న సుఖానికి ఇంకాస్త కలుపుదామని నేనే పట్టుబట్టి కారు కొన్నాను. ఇప్పుడు పక్కపక్కనే కూర్చుంటాం. నేను రోడ్డు చూస్తాను, ఆమె కిటికీలోంచి చూస్తుంది.

పదింపావుకి బస్సు కదిలింది. టికెట్ పన్నెండు రూపాయలు. రెండు తీసుకుని, వేళ్ళు ఎత్తి నిలబడ్డాను. కార్పొరేషన్ దాటింది, రిచ్‌మండ్ సర్కిల్ దాటింది. పద్మ తిరగలేదు. జడలోని మల్లెపూలు తప్ప నాకేమీ కనబడలేదు.

"ఎవరినప్పా పిలుస్తాండావు?" అన్నాడు చేతిలో గొడుగుతో పక్కన నిలబడ్డ పెద్దాయన.

"మా ఆమెని. టికెట్ తీసినానని చెప్దామని."

"చూస్తాదిలే. మా ఇంటామె ఆ ముందర ఉండాది. పెండ్లయినప్పట్నుంచీ ఇదే పని ఆమెకి. నేను యాడో దిగిపోతానని భయం."

డొమ్లూరులో బస్సు ఆగగానే ముందు సీట్లోంచి నెరిసిన తల ఒకటి వెనక్కి తిరిగింది. పెద్దాయన గొడుగు పైకెత్తాడు. ఆ తల కుదుటపడి ముందుకి తిరిగింది. ఆయన మీద నాకు కుళ్ళు పుట్టింది, దాచుకోవడమెందుకు.

పదకొండుమ్ముప్పావుకి బ్రూక్‌ఫీల్డ్‌లో దిగాం. పద్మ చేతిలో ఒక టికెట్ ఉంది. నా చేతిలో రెండు.

"నువ్వెందుకు తీసుకున్నావు? ఒకసారైనా వెనక్కి చూడలేదే?"

"కండక్టర్ అడిగె, తీసుకుంటి. చూసేదానికి ఏముండాది? మీరు ఎక్కకుంటే సెల్‌కి ఫోన్ చేస్తారు కదా."

మాటలో తప్పేమీ లేదు. అందుకే ఎక్కువ బాధేసింది.

మరదలు మంచి భోజనం పెట్టింది. మామిడికాయ పప్పు, వంకాయ కూర, పాయసం. ఇంట్లో గదులన్నీ తిప్పి చూపించింది. బాగున్నాయన్నాను. ఏం చూశానో అడిగితే చెప్పలేను.

నాలుగున్నరకి తిరుగు బస్సు దాదాపు ఖాళీగా వచ్చింది. పద్మ ముందు ఎక్కి, పక్క సీటు తట్టి రమ్మంది. నేను తల అడ్డంగా ఊపి, వెనక తలుపున ఎక్కి, వెనకే నిలబడ్డాను. ఇదేం పిచ్చి అన్నట్టు ఒక చూపు చూసి ముందుకి తిరిగింది. టికెట్లు తీసుకున్నాను. కుందలహళ్ళి గేటు వచ్చింది, మారతహళ్ళి వచ్చింది. ఆగిన ప్రతిచోటా చెయ్యి ఎత్తడానికి సిద్ధంగా ఉన్నాను. ఈ దారిన వెళ్ళాలనుకునే మగవాళ్ళకి నేను చెప్పేదొక్కటే. కారు ఉన్నా అప్పుడప్పుడు బస్సులో వెళ్ళండి. రెండేళ్ళు ఆగకండి.

డొమ్లూరు దగ్గరపడుతుంటే ఇక ఉండలేక, సెల్ తీసి ఆమెకే ఫోన్ చేశాను.

ముందు సీట్లో మల్లెపూలు కదిలాయి. ఫోన్ చెవిదగ్గర పెట్టుకుని పద్మ వెనక్కి తిరిగింది. నాకు ప్రాణం లేచొచ్చింది. రెండు వేళ్ళు పైకెత్తాను.

"ఏమైంది?" అంది ఫోన్‌లో.

"ఏం లేదు. ఎక్కినాను. టికెట్ అయింది."

"కనబడతానే ఉండారు కదా. పెట్టేయండి, ఊరికే బిల్లు పడతాది," అని ముందుకి తిరిగింది.

మెజెస్టిక్ వచ్చేదాకా ఆ మల్లెపూలు మళ్ళీ కదల్లేదు.